నూకరత్నం ఆగిన చోట్లు

రోజు 212

డ్యూటీ పుస్తకంలో రోజూ నాలుగు వాక్యాలైనా రాయాలని మా శబ్దశాఖ నియమం. ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్నాను. ఇంతవరకూ ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. అందుకే ఇందులో నిజాలు రాస్తుంటాను.

నా పేరు కిల్లి సన్యాసిరావు. పని మౌనాలు కొయ్యడం. మా ఊరు ఎర్రదిబ్బలో స్పీకర్ల తీగ గాలిగొట్టాన్ని ఆనుకునే వెళ్తుంది. స్పీకరు మూడు సెకన్లు మూగబోయిందంటే గొట్టం తెగిందని యంత్రం అనుకుంటుంది, మేం కాపురముండే ఎనిమిది గుంటల తలుపులూ దభాలున మూసేస్తుంది. మళ్ళీ తెరవడానికి అరపూట పడుతుంది. కాబట్టి స్పీకర్లో వచ్చే దేన్లోనూ ఖాళీ ఉండకూడదు. వార్తలు, పెళ్ళి పిలుపులు, సంతాపాలు, అన్నీ ముందు రికార్డు చేసి నా బల్ల మీదికి పంపుతారు. మాట కానిదంతా నేను కోసేస్తాను. దగ్గు, నిట్టూర్పు, ఏడుపు, ఆలోచన, వీటన్నిటినీ యంత్రం మౌనం కిందే చూపిస్తుంది. యంత్రంతో వాదించడానికి నాకు జీతం ఇవ్వరు.

మా ఆవిడ వరాలు తరఫు చుట్టాలు నన్ను కోతలరాయుడంటారు. నిజానికి నాకు మాట చాలా ఆలస్యంగా వస్తుంది. దోసెలోకి పచ్చడి వెయ్యనా అని వరాలు అడిగితే, నేను ఊ అనేసరికి దోసె చల్లారిపోతుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపు మావాళ్ళు చెప్పులేసుకున్నారు. జాతకాలు చూడలేదా అని అడక్కండి. కుజుడి మీదే కాపురం ఉంటున్నవాళ్ళకి కుజదోషం లేకుండా ఎలా పోతుంది? ఇక్కడ అందరికీ ఉంది కాబట్టే అందరికీ పెళ్ళిళ్ళవుతున్నాయి.

ఇవాళ బల్ల మీదికి పెద్ద పని వచ్చింది. మూడో గుంట క్యాంటీన్లో వంటచేసే సువ్వారి నూకరత్నం వాంగ్మూలం. సరుకుల గోదాము అధికారి దండపాణి మొన్న మధ్యాహ్నం భోజనంలో మజ్జిగ తాగి చచ్చిపోయాడు. గొట్టాలు వేడెక్కకుండా వాటిలో తిప్పే చలువ మందు, ఒట్టి విషం, ఆయన గ్లాసులో కలిసి ఉంది. మజ్జిగ పోసింది నూకరత్నం. అంతకు వారం ముందు మిరపకాయల కోటా తగ్గించాడని ఆయనతో పెద్ద గొడవ పడింది కూడా ఆవిడే.

ముప్పై ఎనిమిది నిమిషాల రికార్డు. కోసి, అతికి, పదిహేడు నిమిషాలు చేశాను. ఎక్కడా అతుకు తెలియదు. సాయంత్రం ఒకసారి మొత్తం విని నా పనితనానికి నేనే మురిసిపోయాను.

రోజు 213

వాంగ్మూలం పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం వేశారు. మా న్యాయస్థానంలో ఆరుగురికే గాలి సరిపోతుంది, కాబట్టి ఊరంతా స్పీకర్లోనే వినాలి. విన్నాక క్యాంటీన్ గుమ్మంలో ఉన్న పలక మీద బొటనవేలు పెట్టాలి. ఎడమ పక్క 'నమ్మలేదు', కుడి పక్క 'నమ్మాను'. వేలు పెట్టకపోతే కంచం రాదు. రోజుకోసారి మనసు మార్చుకోవచ్చు. చివరి రోజు, అంటే 220న పెట్టిన వేలే లెక్క. సగం మంది నమ్మితే మనిషి ఇంటికి. నమ్మకపోతే ఒక గాలి సిలిండరిచ్చి పైతలుపు బయటికి పంపుతారు. ఒక సిలిండరు నాలుగు గంటలు వస్తుంది.

క్యాంటీన్ వరసలో నా ముందు గొట్టాల మేస్త్రీ పోలినాయుడు ఉన్నాడు. ఎనిమిది గుంటల్లోనూ వాడి గొంతు తెలియనివాళ్ళు లేరు.

"ఇన్నారా? సలవ మందు డబ్బా నీ గట్టు మీదికి ఎలాగొచ్చిందే అనడిగితే, అడిగినోడి నోరు మూతపడక ముందే 'నాకు తెలవదు బాబూ' అనేసింది. గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుంకున్నట్టు!"

మా ఊళ్ళో గుమ్మడికాయని చూసిన మనిషి లేడు. అయినా అందరూ తలూపారు.

"అదొక్కటేనేటి," అంది వెనకనించి ఒకావిడ. "ఆ మనిషి సచ్చిపోయినందుకు నీకు బాధగా ఉన్నాదా అని అడిగితే, టక్కుమని 'ఉన్నాది' అనీసింది. బాధున్నోళ్ళు అలాగంతారా? నా కోడి సచ్చిపోతేనే నానొక పూటంతా మాటాడనేదు."

కంచం అందుకోబోతున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ చోటు నాకు బాగా గుర్తుంది. బాధగా ఉందా అని ధర్మాధికారి అడిగాక ఒక నిమిషం యాభై రెండు సెకన్లు మాట లేదు. మొదట గాజులు కదిలిన చప్పుడు. తర్వాత కుర్చీ కిర్రుమంది. ఎవరో నీళ్ళ గ్లాసు పెట్టారు. ఆవిడ తాగలేదు, ఏడ్చింది. ఏడుపు ఆపుకుంది, మళ్ళీ ఏడ్చింది. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, "ఉన్నాది" అంది. ఒక నిమిషం యాభై రెండు సెకన్లూ నేనే కోశాను. బాగా కోశాను.

ఇవాళ నమ్మినవాళ్ళు నూటికి నలభై నాలుగు. చారు నీళ్ళలా ఉంది. నూకరత్నం జైల్లో ఉంది కదా.

రోజు 214

స్పీకర్లో చర్చ పెట్టారు. కంఠ నిపుణుడు పట్నాల కామేశం వచ్చాడు. ఈయన నిరుడు నీటి నిపుణుడు, అంతకు ముందు ఎరువుల నిపుణుడు.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు," అన్నాడు కామేశం. "ఈమెలో ఆ మౌనం కూడా లేదు. అంటే ఏమిటన్నమాట? పూర్తి అంగీకారం!"

చర్చలో పాల్గొన్న మిగతా ముగ్గురూ ఔరా అన్నారు. ఈ చర్చని కోసింది కూడా నేనే. కామేశం మధ్యలో రెండు సార్లు తను ఏం చెప్పబోతున్నాడో మర్చిపోయి, నలభై సెకన్ల చొప్పున నీళ్ళు నమిలాడు. అవి తీసేసరికి ధారాళంగా వచ్చింది. ఆయన ధారాళంగా మాట్లాడితే పాండిత్యం, నూకరత్నం మాట్లాడితే నేరం.

ఇంటికి వెళ్ళి వరాలుని అడిగాను, ఏ పక్క వేలు పెట్టావని.

"ఏటడుగుతావు? ఎడమే. ఆ యమ్మ జవాబులు వినీసరికి ఒళ్ళు మండిపోనాది. సదువుకున్న పాటం అప్పజెప్పినట్టు సెప్పీసింది."

అవి నేను కోసిన జవాబులే అని చెబుదామనుకున్నాను. మాట కూడబలుక్కునేలోపు వరాలు గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయింది. ఇవాళ నమ్మినవాళ్ళు ఇరవై తొమ్మిది.

రోజు 215

భయమేస్తోందని ఇక్కడ రాసుకోవచ్చు. ఎవరూ చదవరు.

మా ఊళ్ళో స్పీకర్లో మౌనాలు కోస్తారని తెలియనివాళ్ళు లేరు. చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. కానీ పుట్టిన దగ్గరనించీ ఆగకుండా మాట్లాడే స్పీకర్నే విన్నవాళ్ళకి, ఫలానా చోట ఒక మనిషి ఆగిందేమో అన్న అనుమానం రాదు. ఇరవై ఆరేళ్ళు కోసిన నాకే మొన్నటిదాకా రాలేదు. ఎవరికైనా సరే తప్పు నా చేతిదని చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆవిడ పోతుంది. ఇందులో ఆలోచించడానికేముంది అని మీకనిపించవచ్చు. నాకు ఒక రోజంతా పట్టింది. పదిహేడు.

రోజు 216

మా పై అధికారి భుజంగరావు గారి దగ్గరికి వెళ్ళాను. కోయని రికార్డు వేద్దామండీ అన్నాను. ఇంత చిన్న వాక్యం పూర్తయ్యేసరికి ఆయన రెండు సంతకాలు పెట్టాడు.

"నీకు మతిపోయిందా సన్యాసిరావూ? ఒక వంటావిడ ఏడుపు కోసం ఎనిమిది గుంటల తలుపులూ మూయించమంటావా? ప్రసూతి గదిలో ఒకళ్ళుంటారు, స్నానాల గదిలో ఒకళ్ళుంటారు."

నిజమే. నేను కదల్లేదు. కదలని మనిషిని చూస్తే భుజంగరావు గారికి కంగారు. కాసేపటికి ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. "సరే, ఆవిడ ఆగిన చోట్ల ఏదో ఒక చప్పుడు పెట్టు. ఖాళీ ఉండకూడదు, అంతే. శాఖ దగ్గర సన్నాయి రికార్డు ఉందిగా."

శాఖ దగ్గర ఉన్నది ఒకటే సన్నాయి. తాళి కట్టేటప్పుడు వేసేది.

రోజు 217

వేశారు. "ఆయన చనిపోయినందుకు మీకు బాధగా ఉందా?" అని ధర్మాధికారి గంభీరంగా అడిగాడు. వెంటనే ఒక నిమిషం యాభై రెండు సెకన్లు సన్నాయి, డోలు, గట్టిమేళం. తర్వాత నూకరత్నం, "ఉన్నాది."

క్యాంటీన్లో పోలినాయుడు కంచం గట్టు మీద కొట్టాడు. "సూసినారా! మనిషి సచ్చి వారం కానేదు, ఈ యమ్మకి మేళాలు!"

కామేశం స్పీకర్లో, ముద్దాయి వెనక పెద్ద తలకాయలున్నాయని, లేకపోతే సన్నాయికి అనుమతి ఎలా వచ్చిందని అడిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు భుజంగరావు గారు నా అతుకులు బాగాలేవన్నాడు. పదకొండు.

రోజు 218

ఇక మిగిలింది నోరొక్కటే. ఎవరైనా సాక్ష్యం చెప్పుకోవచ్చని చట్టం. ఆరుగురి గాలి ఉన్న ఆ గదికి పొద్దున్నే వెళ్ళాను. నూకరత్నం ఓ మూలన కూర్చుని ఉంది. ఐదడుగుల మనిషి, మోచేతుల దాకా పాత నూనె మచ్చలు. నేనెవరో ఆవిడకి తెలియదు.

"ఆమె మాటల మధ్య ఉన్న మౌనాలు కోసింది మీరేనా?" అన్నాడు ధర్మాధికారి.

నా చేతుల వైపు చూసుకున్నాను, తర్వాత ఆవిడ గాజుల వైపు, తర్వాత నేల వైపు. "అవును" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

ఇరవై ఆరేళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. ఎంతమంది సంతాపాలు, ఎంతమంది క్షమాపణలు ఈ చేతులతో చక్కగా నున్నగా చేసి పంపానో అనిపించింది. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. "భయమేసింది" అన్నాను.

"ఈమె నిర్దోషి అని మీరు నమ్ముతున్నారా?"

ఇది మరీ కష్టం. నూకరత్నం నా వైపే చూస్తోంది. కాపలావాడు గోడ గడియారం చూశాడు. చివరికి ఉన్నదే చెప్పాను. "అది నాకు తెలీదండి. ఆగింది. ఏడ్చింది. అది మాత్రం తెలుసు."

నా సాక్ష్యం నేను కోసుకోకూడదు కాబట్టి రెండో షిఫ్టు లక్ష్మణమూర్తికి ఇచ్చారు. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు, నియమం తప్పడు. కాస్త చూసి కొయ్యి బాబూ అన్నాను. "నీకెందుకు, అతుకు తెలీకుండా చేస్తాను" అని అభయం ఇచ్చాడు.

రోజు 219

మాట నిలబెట్టుకున్నాడు. అతుకు ఎక్కడా తెలియలేదు.

"మౌనాలు కోసింది మీరేనా?" "అవును." "ఎందుకు చెప్పలేదు?" "భయమేసింది." "నమ్ముతున్నారా?" "అది నాకు తెలీదండి. ఆగింది. ఏడ్చింది. అది మాత్రం తెలుసు." మంచినీళ్ళు తాగినంత సులువుగా చెప్పేశాను. నా గొంతు ఇంత బాగుంటుందని నాకే తెలియదు.

క్యాంటీన్లో నన్ను చూసి వరస కొంచెం పక్కకి జరిగింది. "ఎవులో రాసిచ్చినారు, సదివీసినాడు," అన్నాడు పోలినాయుడు, నాకు వినపడేలాగే. కామేశమైతే, భయమేసింది అనేవాడు భయపడుతూ అనాలని, ఈ సాక్షి కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పాడని తేల్చేశాడు. తొమ్మిది.

కుడితిలో పడ్డ ఎలుకలా ఇల్లు చేరాను. వరాలు స్పీకరు కింద పీట మీద కూర్చుని ఉంది. నా సాక్ష్యం మూడోసారి వేస్తున్నారు. అయ్యేదాకా కదల్లేదు.

"ఇది నీ గొంతే," అంది.

ఊ అన్నాను.

"నీ మాట కాదు. పాతికేళ్ళబట్టీ సూస్తన్నాను, నువ్వింత బేగి ఎప్పుడు మాటాడినావు? భయమేసింది అనడానికి నీకెంత సేపు పట్టింది?"

నేను లెక్కపెట్టుకుంటుంటే వరాలు ఆగలేదు. తనే చెప్పుకుపోయింది. "అయితే ఆ యమ్మ కూడా అలాగే..." అని, మాట మధ్యలో ఆగి, తన బొటనవేలు వైపు చూసుకుంది. ఏడు రోజులు ఎడమ పక్క పెట్టిన వేలు అది. కొంగుతో రుద్దుకుంది.

రోజు 220

పొద్దున్నే వరాలు నన్ను మంచం మీదనించి లేపి మొదటి గుంట క్యాంటీన్‌కి లాక్కెళ్ళింది. గుమ్మంలో పలక పక్కన నిలబెట్టింది. సాయంత్రం ఆరుకి వేళ్ళ లెక్క ఆఖరు.

"ఇదిగో, మీరంతా స్పీకర్లో విన్న సాచ్చి ఈ మనిసే," అంది వరసతో. "ఏటైనా అడగండి. స్పీకర్లో కాదు, ఇక్కడ మొకమ్మీద అడగండి."

మొదట జనం నవ్వారు. ఒకడు నా పేరడిగాడు. పేరు చెప్పడానికే ఐదు సెకన్లు పట్టేసరికి ఇంకా నవ్వారు. మూడో గుంటకి వచ్చేసరికి పోలినాయుడు ఎదురొచ్చాడు.

"సరే సన్నిబాబూ, నానే అడుగుతాను. మజ్జిగలో ఆ యమ్మే కలిపీసిందంటావా?"

నేను ఆలోచించాను. రికార్డు మొత్తం మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. గాజులు, కుర్చీ, గ్లాసు. మూడు సెకన్లు దాటేసరికి వరసలో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి తలుపుల వైపు చూశారు. పుట్టిన దగ్గరనించీ ఉన్న అలవాటు. తలుపులు మూసుకోలేదు. ఒకావిడ బిడ్డని గట్టిగా పట్టుకుంది. పోలినాయుడి నోరు ఏదో అనబోయి ఊరుకుంది. గరిటెలు ఆగిపోయాయి. అంతమంది మనుషులు ఒక్కచోట చప్పుడు చెయ్యకుండా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు తెలీదు," అన్నాను చివరికి.

పోలినాయుడు నన్నే చూస్తూ ఉండిపోయాడు. "ఆ యమ్మ కూడా ఇంతసేపు ఆగినాదా?" అని అడిగాడు, మొదటిసారి గొంతు తగ్గించి.

"ఇంతకంటే ఎక్కువ."

వాడు వెళ్ళి పలక మీద వేలు పెట్టాడు. ఏ పక్కో నేను చూడలేదు. తర్వాత మిగిలిన గుంటలకి మాతో పాటే వచ్చాడు, అందర్నీ వరసలో నిలబెట్టి, "మాటాడకండర్రా, ఆలోసిస్తన్నాడు!" అని అరుస్తూ. ఎనిమిది గుంటల్లో నన్ను ఉత్సవ విగ్రహంలా ఊరేగించారు. ఆ తర్వాత ప్రతి చోటా అదే అడిగారు, నేను అదే చెప్పాను. ఒక్కచోట కూడా తొందరగా చెప్పలేకపోయాను.

రోజు 221

యాభై ఒకటి. నూకరత్నం ఇంటికి వెళ్ళింది. వరాలు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. స్పీకర్లో వేసేది కాదు కాబట్టి తీరిగ్గా ఏడ్చాం.

రోజు 229

ఊరు ఊరంతా ఇప్పుడు ఆగుతోంది. టీ కావాలా అంటే ఆగుతారు. నిన్న ఐదో గుంటలో పెళ్ళిచూపులు. పిల్లవాడు నచ్చింది అనడానికి పన్నెండు సెకన్లు తీసుకున్నాడని, ఎంత నిజాయితీపరుడో అని ఆడపిల్లవాళ్ళు పొంగిపోయారట. కామేశం స్పీకర్లో కొత్త సిద్ధాంతం చెప్పాడు: అబద్ధానికి ఒక సెకను, నిజానికి నాలుగు. ఆయన చెప్పిన ఆ నాలుగు సెకన్ల ఉదాహరణని నేను కోసేశాను, నియమం ప్రకారం.

చలువ మందు ఎవరు కలిపారో ఇంతవరకు తెలియలేదు. ఎవరూ అడగడం లేదు కూడా. జనానికి కావలసింది ఆవిడ ఆగిందా లేదా అన్నది, అది తేలిపోయింది.

పొద్దున్న భుజంగరావు గారు పిలిచాడు. పురాధ్యక్షుడు రేపు నీళ్ళ కోటా తగ్గిస్తున్నట్టు చెప్పబోతున్నాడట. "బాధపడుతున్నట్టుండాలి సన్యాసిరావూ. నాలుగు చోట్ల రెండున్నర సెకన్ల చొప్పున మౌనం పెట్టు, తలుపులు మూసుకోవు. ఆయనకి ఆగడం రాదు. ఆ వంటావిడది ఉందిగా, జనానికి బాగా పట్టింది. గాజుల చప్పుడు తీసేసి అతికించెయ్యి."

"తుడిచేశానండి," అన్నాను.

జన్మలో మొదటిసారి ఆగకుండా జవాబు చెప్పాను. అది అబద్ధం. కామేశం లెక్క సరిపోయిందని తల్చుకుంటే ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం రికార్డు చుట్ట జేబులో వేసుకుని మూడో గుంట క్యాంటీన్‌కి వెళ్ళాను. భోజనాల వేళ అయిపోయింది. నూకరత్నం ఒక్కతే గట్టు కడుగుతోంది. చుట్ట గట్టు మీద పెట్టాను.

"ఇదేటి బాబూ?"

"మీరు మాట్లాడకుండా ఉన్నదంతా ఇందులో ఉందమ్మా. ఇరవై ఒక్క నిమిషాలు. ఇంకెవరూ వాడుకోకుండా మీ దగ్గరే ఉంచుకోండి."

ఆవిడ చెయ్యి తుడుచుకుని దాన్ని తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది, పోపులడబ్బా వెనక పెట్టింది. కళ్ళు నిండాయి. "నువ్వు నేకపోతే ఈపాటికి నానుండీదాన్ని కాను," అంది. "ఎండనపడి వొచ్చినావు. ఉండు."

గుంటల్లో ఎండేమిటి, మాటవరసకి అంది. కుండ మీద మూత తీసి, గ్లాసు నిండా మజ్జిగ పోసింది. కరివేపాకు వేసింది, ఉప్పు సరిచూసింది. గ్లాసు నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

నేను గ్లాసు వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. దోసెలో పచ్చడికి కూడా నాకు ఇంతసేపు పడుతుందని ఆవిడకి చెబుదామనుకున్నాను. అది ఇక్కడ పనికొచ్చే మాట కాదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. గాజులు ఒకసారి కదిలాయి.

తర్వాత తాగాను. పుల్లగా, బాగుంది.

మౌనం: పదకొండు సెకన్లు. కొయ్యలేదు.